రెడీమేడ్ స్కౌట్ కిట్: సంచి భేష్, తాడు దండగ

జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. ఖాకీ సంచి, దాని ముందు వరసగా పరిచిన సామాను, కింద 'ప్రవేశ్ నుంచి రాష్ట్రపతి దాకా అన్నీ ఇందులోనే' అన్న మాట. యూనిఫాం కొట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూగా దొరికే ఈ రకం కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి జవాబు ముందే చెప్పేస్తాం. సంచి, స్కార్ఫు, దాన్ని మెడ దగ్గర పట్టి ఉంచే వాగుల్, బెల్టు బాగున్నాయి. పిల్లల చేతికి పని చెప్పే నాలుగు వస్తువులు, అంటే తాడు, కర్ర, దిక్సూచి, కట్టుగుడ్డ, నాలుగూ నాసిరకం. బ్యాడ్జీ వచ్చేదేమో ఆ నాలుగింటితోనే.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పదేళ్లు నిండిన పిల్లలు స్కౌట్ లేదా గైడ్ విభాగంలో చేరతారు. ప్రవేశ్ అయ్యాక ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. ఈ మెట్లెక్కే దారిలోనే వంట, తోటపని, అంబులెన్స్, పాత్‌ఫైండర్ లాంటి ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీలు సంపాదించుకోవాలి. పుస్తకం చదివి ఒప్పచెప్పే భాగం కొద్దిగానే ఉంటుంది. మిగతాదంతా 'ఇదిగో తాడు, బౌలైన్ ముడి వేసి చూపించు' అన్న రకం పరీక్ష. ఇంట్లో సాధన చేసిన తాడు ఎలా ఉంటే పిల్లల వేళ్లు అలా అలవాటు పడతాయి. అందుకే ఈ సమీక్షలో తాడుకి ఎక్కువ చోటు పోయింది, ఏమీ అనుకోకండి.

కిట్‌లో వచ్చే తాడు నీలమో, ఆకుపచ్చో, తళతళలాడే ప్లాస్టిక్ తాడు. మందం నాలుగైదు మిల్లీమీటర్లు. బట్టలు ఆరేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ముడి నేర్చుకోవడానికి మాత్రం పనికిరాదు. కారణం చూడాలంటే దాంతో, రెండు కొసల్ని కలిపే రీఫ్ ముడి ఒకటి వేసి బల్ల మీద పెట్టండి. చెయ్యి తీసిన మరుక్షణం రెండు కొసలూ నెమ్మదిగా లేస్తాయి, ముడి కళ్లు తెరుచుకుంటుంది, ఒక నిమిషంలో సగం విడిపోయి కూర్చుంటుంది. ప్లాస్టిక్ పోగుకి నునుపు ఎక్కువ, వంచితే మళ్లీ తిన్నగా అవ్వాలన్న మొండితనం ఇంకా ఎక్కువ. పిల్ల సరిగ్గానే వేసింది, తాడు నిలబడలేదు. ఆ సంగతి పిల్లకి తెలీదు కాబట్టి తనే తప్పు వేశాననుకుని ఇంకోలా వేయడం మొదలుపెడుతుంది. సరైన పద్ధతి చేతిలోంచి జారిపోయేది సరిగ్గా ఇక్కడే.

దీనికి బదులు కొనాల్సింది మూడు పురుల నూలు తాడు, 8 మిల్లీమీటర్ల మందం, మనిషికి 3 మీటర్లు. పగ్గాలు, పలుపులు, మోకులు అమ్మే కొట్లో తూకానికి ఇస్తారు. నూలు తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి మూడుంపావు మీటర్లు కోయించి, కొసలు చుట్టేశాక ఒకసారి వేడినీళ్లలో ఉతికి నీడలో ఆరేయండి. ఉతక్కుండా వాడితే కొత్త తాడులోని గంజి వల్ల ముడి బిరుసుగా వచ్చి గట్టిగా బిగదు. ఎనిమిది మిల్లీమీటర్లే ఎందుకంటే, అంతకంటే సన్నమైతే ముడి ఆకారం పరీక్షించేవారికి కనబడదు, పిల్లకీ తన తప్పు కనబడదు. అంతకంటే లావైతే పదేళ్ల చేతికి చిక్కదు. కొబ్బరి తాడు చవకే గానీ వేళ్లు గీసుకుపోతాయి, రెండో రోజు నుంచి పిల్లలు దాన్ని ముట్టుకోరు.

కొసలు చుట్టడం అన్నాం, పురులు విడిపోకుండా కొసకి దారం చుట్టడమన్నమాట, విప్పింగ్ అంటారు దాన్ని. కిట్‌లోని ప్లాస్టిక్ తాడు కొసల్ని అగ్గిపుల్లతో కాల్చి ముద్ద చేసి పంపిస్తున్నారు. అది విప్పింగ్ కాదు, పరీక్షలో చెల్లదు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే మైనపు దారం 60 సెంటీమీటర్లు తీసుకోండి. దారం ఒక కొసని లూప్‌గా మడిచి తాడు మీద ఆనించి, దాని మీదుగా తాడు మందానికి ఒకటిన్నర రెట్లు పొడవు, అంటే 8 మిల్లీమీటర్ల తాడుకి 12 మిల్లీమీటర్ల మేర, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా పక్కపక్కనే పరుచుకుంటూ రావాలి. పిల్లలు చేసే తప్పు ఒక్కటే: కొస వైపు మొదలుపెట్టి మధ్యకి చుట్టుకుంటూ పోతారు, చివర్న లూప్ లాగే చోటు దొరకదు. మధ్యలో మొదలుపెట్టి కొస వైపు రావాలి. గాలిపటాల మాంజా మాత్రం వాడనివ్వకండి, బిగించేటప్పుడు వేలు తెగుతుంది.

ముళ్లలో తప్పులు పట్టుకోవడం పెద్దవాళ్లకి కూడా తెలిసుండాలి, లేకపోతే ఇంట్లో సాధన వృథా. రీఫ్ ముడిలో ప్రతి కొసా తన తాడు పక్కనే, దానికి సమాంతరంగా బయటికి రావాలి. కొసలు అడ్డంగా, శిలువలా కనిపిస్తే అది గ్రానీ ముడి. బరువు పడితే జారుతుంది, లేదా విప్పడానికి వీల్లేకుండా బిగుసుకుపోతుంది. లావు తాడునీ సన్న తాడునీ కలిపే షీట్ బెండ్‌లో లావు తాడే మడత కావాలి, సన్న తాడు దాని చుట్టూ తిరగాలి. రెండు కొసలూ ఒకే పక్కన ఉంటే పట్టు ఎక్కువ. బిగుసుకోని ఉచ్చు వేసే బౌలైన్‌కి పరీక్ష వేరే ఉంది: ముడి వేశాక తాడు వదులు చేసి గట్టిగా పదిసార్లు విదిలించండి. ఊడిందంటే బిగించకుండా వదిలేశారన్నమాట. తాడు పొడవు తగ్గించే షీప్‌షాంక్ ముడి, తాడు బిగువుగా ఉన్నంత సేపే నిలుస్తుంది, బల్ల మీద పడుకోబెట్టి 'ఊడిపోతోంది' అని పిల్లని కోప్పడకండి. దుంగకి కట్టే టింబర్ హిచ్‌లో కొసని దాని మీదే కనీసం మూడు చుట్లు, అదీ పురి తిరిగిన దిక్కునే చుట్టాలి. రెండు చుట్లతో సరిపెడితే దుంగ లాగేటప్పుడు జారుతుంది.

ఇదే కిట్‌లో ముళ్ల బోర్డు కూడా వస్తుంది, అట్ట మీద చిన్న చిన్న ముళ్లు జిగురుతో అతికించి. గోడకి అందంగానే ఉంటుంది. మేం చూసినవాటిలో ఒకదాని మీద 'రీఫ్' అని రాసిన చోట గ్రానీ ముడి అతికించి ఉంది! అది చూసి నేర్చుకున్న పిల్లవాడి గతేమిటో చెప్పక్కర్లేదు. పిల్లల చేతే బోర్డు చేయించడం మేలు. మీటరు నూలు దారం, ఒక ప్లైవుడ్ ముక్క చాలు.

ఇక కర్ర. కిట్‌లో ఇచ్చేది రెండు ముక్కలుగా విప్పుకునే పైపు, మధ్యలో మర, అడుగున రబ్బరు తొడుగు, పైన మెరిసే వార్నిష్ పూత లేదా స్టిక్కరు. బస్సులో తీసుకెళ్లడానికి సుఖం, అంతే. లాషింగ్, అంటే కర్రల్ని తాడుతో కలిపి కట్టే కట్టు, వేసినప్పుడు ఆ నునుపు మీద తాడు నిలవదు. స్ట్రెచర్ కట్టి బరువు పెడితే మర దగ్గర వంగుతుంది. స్ట్రెచర్‌ని ఎప్పుడైనా ముందు ఇసుక బస్తాతో, నేల నుంచి ఒక జానెడు ఎత్తులో మాత్రమే పరీక్షించండి. పిల్లల్ని పడుకోబెట్టి భుజాల మీదికి లేపి చూడడం వద్దే వద్దు.

బొంగుల కొట్లో దొరికే నిండు వెదురు, లోపల బోలు తక్కువగా ఉండేది, సుమారు ఐదున్నర అడుగుల పొడవు, మూడు సెంటీమీటర్ల మందం చూసుకోండి. కణుపులు గీకి చదును చేయించాలి గానీ వార్నిష్ కొట్టించకూడదు. కొనేముందు కర్రని నేలకేసి తట్టండి. సన్నటి పొడి రాలితే పుచ్చు పట్టిందని అర్థం, ఎంత చవకైనా వదిలేయండి. కోస్తాలో ఉన్నవాళ్లకి సరుగుడు కర్ర సులువుగా దొరుకుతుంది. మోయడానికి బరువు, కానీ క్యాంపులో బల్లలు, గిన్నెల స్టాండ్లు కట్టడానికి దాన్ని మించింది లేదు. షామియానాలు, పరంజాలు కట్టేవాళ్లు దాన్నే ఎందుకు వాడతారో ఒకసారి ఆగి చూస్తే తెలుస్తుంది. వాళ్లు వేసే అడ్డకట్టు స్క్వేర్ లాషింగ్‌కి వరసకి అన్నే.

ఆ స్క్వేర్ లాషింగ్ దగ్గరే ద్వితీయ సోపాన్ పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు. క్రమం ఇదీ. నిలువు కర్ర మీద, అడ్డ కర్ర ఆనబోయే చోటికి కాస్త కిందగా క్లోవ్ హిచ్, అంటే కర్రకి తాడు బిగించే ముడి. మిగిలిన పొట్టి కొసని పొడుగు తాడుకి మెలిపెట్టేయాలి. తర్వాత రెండు కర్రలనీ కలుపుతూ మూడు చుట్లు. ప్రతి చుట్టూ అడ్డ కర్ర మీద వెనకటి చుట్టుకి బయటి పక్కన, నిలువు కర్ర మీద లోపలి పక్కన పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే కట్టు లావెక్కుతుందే తప్ప బిగదు. ఆపైన రెండు కర్రల మధ్యలోంచి రెండు చుట్లు, వీటినే ఫ్రాపింగ్ అంటారు. లాషింగ్ బలమంతా ఈ రెండింటిలోనే ఉంది. పిల్లలు మొదటి మూడూ ఒళ్లు దగ్గర పెట్టుకుని లాగి, ఈ రెండూ అలిసిపోయి వదులుగా వేస్తారు. తాడుని ఒక చిన్న పుల్లకి చుట్టి ఆ పుల్ల పట్టుకుని లాగమనండి, చేతి బలం రెట్టింపవుతుంది. చివర్న అడ్డ కర్ర మీద క్లోవ్ హిచ్. అయ్యాక కర్ర పట్టుకుని ఊపి చూడాలి. కిర్రుమని చప్పుడు రావచ్చు, కదలిక మాత్రం రాకూడదు.

తాడు ఎంత కావాలన్నదానికి పాత లెక్క ఒకటుంది: రెండు కర్రల మందం కలిపి అంగుళానికి మూడడుగులు. మూడేసి సెంటీమీటర్ల కర్రలు రెండంటే సుమారు రెండున్నర అంగుళాలు, ఏడున్నర అడుగుల తాడు. రెండున్నర మీటర్లు ఉంటే నిశ్చింత. లాషింగ్‌కి 6 మిల్లీమీటర్ల జనపనార తాడు బాగుంటుంది. దాన్ని పొడిగా ఉన్నప్పుడే కట్టాలి. తడిపి కడితే ఆరాక సాగి వదులైపోతుంది, పొద్దున బాగున్న బల్ల మధ్యాహ్నానికి ఊగుతుంది. గుడారం తాళ్లకి ఇదే గుణం తిరగబడి పనిచేస్తుంది. రాత్రి మంచుకి నూలు తాళ్లు బిగుసుకుని మేకులు పీకేస్తాయి కాబట్టి పడుకోబోయే ముందు కాస్త వదులు చేయాలి.

కర్ర మీద కొలత గీతలు ఉండాలి. కిట్ కర్ర మీద గీతలున్నాయి, అయితే అవి రబ్బరు తొడుగు పైనుంచి మొదలవుతున్నాయి. మూడు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. ఎత్తు అంచనా వేసే పద్ధతి చూడండి. చెట్టు నుంచి పదకొండు కర్రల దూరం నడిచి అక్కడ కర్ర నిలబెట్టాలి, ఇంకో కర్ర దూరం వెనక్కి వెళ్లి నేలకి కన్ను ఆనించి చెట్టు కొన వైపు చూడాలి. చూపు కర్రని ఎక్కడ దాటుతుందో అక్కడ గీత చదవాలి. మొత్తం పన్నెండు దూరాలు, కాబట్టి కర్ర మీద అంగుళం అంటే చెట్టులో అడుగు. కొలత మూడు సెంటీమీటర్లు తప్పితే జవాబు 36 సెంటీమీటర్లు తప్పుతుంది. తొడుగు పీకేసి, కర్ర అడుగు నుంచి కొత్తగా గీతలు పెట్టుకోవాల్సిందే.

దిక్సూచి గురించి కొంచెం ఓపికగా చెప్పాలి, ఎందుకంటే చూడ్డానికి కిట్ మొత్తంలో ఇదే ముచ్చటగా ఉంటుంది. ఇత్తడి రంగు డబ్బీ, మూత, లోపల తిరిగే బిళ్ల. బొమ్మగా సరే. సాధనకి కావాల్సింది పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మీద, ద్రవం నింపిన, డిగ్రీల వలయం తిరిగే రకం. ఏది కొన్నా ఇంటికి తేగానే ఈ పరీక్ష పెట్టండి: చెక్క స్టూలు మీద పెట్టి, తాళంచెవి దగ్గరికి తెచ్చి సూదిని పక్కకి లాగి, తాళంచెవి దూరంగా తీసేయండి. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ సూది ఒకే గీత దగ్గరికి రావాలి. కిట్ దిక్సూచి మూడు రకాల జవాబులిచ్చింది, ఒకదానికీ ఇంకోదానికీ పదేసి డిగ్రీల తేడాతో. ఐదు డిగ్రీలు తప్పితేనే వంద మీటర్ల నడకలో తొమ్మిది మీటర్లు పక్కకి పోతాం. ఇక పది డిగ్రీలంటే మీరే ఊహించుకోండి.

పరీక్షని ఇనప మంచం మీదో, డాబా పిట్టగోడ మీదో చేస్తే మంచి దిక్సూచి కూడా అబద్ధమాడుతుంది. శ్లాబులో ఇనుముంటుంది, జేబులో ఫోనుంటుంది, పిల్లవాడి నడుముకి స్కౌట్ బెల్టు బకిల్ ఉంటుంది. దిక్సూచిని పొట్టకి ఆనించి పట్టుకునే అలవాటు పిల్లలకి ఉంది, ఆ బకిల్‌ని కూడా ఒకసారి సూది పక్కన పెట్టి చూసుకోండి. ఫోను వెనక అయస్కాంతం ఉన్న కవరు పక్కన రాత్రంతా పెడితే చవక సూది తలకిందులై ఎర్ర కొన దక్షిణం చూపించడం కూడా జరుగుతుంది.

మైదానంలో సాధనకి ఒక ఆట బాగుంటుంది. కాళ్ల దగ్గర రూపాయి బిళ్ల పెట్టి 40 డిగ్రీల దిక్కుగా ముప్ఫై అడుగులు, అక్కణ్నుంచి 160 డిగ్రీల దిక్కుగా ముప్ఫై, ఆపైన 280 దిక్కుగా ముప్ఫై. ప్రతిసారీ 120 కలపడమే. చివరికి బిళ్ల దగ్గరికే రావాలి. రెండు మూడు అడుగుల తేడా ఉంటే సరే. అంతకు మించితే సూది అంటుకుపోతోందో, పిల్లవాడు నడిచేటప్పుడు దిక్సూచి వంక చూస్తూ పోతున్నాడో కనుక్కోండి. ముందు దూరాన ఒక చెట్టునో స్తంభాన్నో గురి పెట్టుకుని, ఆ తర్వాత తలెత్తి దాని వైపే నడవాలి. ఈ ఆటకి దొరకని దోషం ఒకటుంది. సూది ఎప్పుడూ అంతే డిగ్రీలు పక్కకి చూపిస్తుంటే త్రిభుజం మొత్తం తిరుగుతుందే తప్ప విడిపోదు, పిల్లవాడు బిళ్ల దగ్గరికే వస్తాడు. దానికి మందు ధ్రువ నక్షత్రం. రాత్రి రెండు కర్రల్ని ఆ నక్షత్రం వరసలో పాతి, పొద్దున్నే ఆ గీత మీద దిక్సూచి పెట్టి చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి పిల్లల పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ధ్రువ నక్షత్రం దగ్గరే ఇంకో చిక్కు. మన హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలు దాటి కొంచెం. అంటే ఆ చుక్క కూడా దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు, రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదన్నమాట. ఉత్తరాన మూడంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే అయిపోయింది. పిల్లల్ని ఊరి బయటికో ఎత్తయిన డాబా మీదికో తీసుకెళ్లాలి. ధ్రువ నక్షత్రానికి దారి చూపే సప్తర్షి మండలం సాయంత్రం పూట వేసవిలోనే బాగా కనబడుతుంది. చలికాలంలో అయితే వరసగా మూడు చుక్కలుండే గొల్లకావడి చూపించి మొదలుపెట్టండి, పల్లె పిల్లలకి అది ముందే తెలుసు. కిట్‌లో ఇచ్చిన నక్షత్ర పటం ఏ అక్షాంశానికి గీశారో గానీ ధ్రువ నక్షత్రాన్ని నడినెత్తికి దగ్గరగా పెట్టారు. పక్కన పడేయండి.

ప్రథమ చికిత్స డబ్బా మీద ఎర్ర గుర్తు పెద్దగా ఉంది, లోపల సరుకు చిన్నగా ఉంది. పది ప్లాస్టర్లు, దూది, కోయని కత్తెర, అర అంగుళం సీసాలో మందు, ఒక త్రికోణపు కట్టు. ఆ కట్టు కాగితంలాంటి గుడ్డ, అంచు 70 సెంటీమీటర్లే. పెద్దవాళ్ల చేతికి స్లింగ్ కట్టబోతే మెడ వెనక కొసలు కలవవు, కలిపి లాగితే చిరుగుతుంది. బట్టల కొట్లో మీటరు పన్నా ఉన్న కోరా గుడ్డ ఒక మీటరు తీసుకుని, గంజి పోయేలా ఉతికి, మూల నుంచి మూలకి కోస్తే రెండు కట్లు వస్తాయి. పొడుగు అంచు 140 సెంటీమీటర్లు, ఎవరికైనా సరిపోతుంది. అంబులెన్స్ బ్యాడ్జీకి వెళ్లే పిల్లకి నాలుగు ఉండాలి, ఎందుకంటే విరిగిన కాలికి కట్టు నేర్చుకోవాలంటే ఒక్కటి ఏ మూలకీ రాదు.

స్లింగ్‌లో చూడాల్సినవి రెండు. మణికట్టు మోచేతి కంటే కాస్త ఎత్తులో ఉండాలి, వేళ్ల కొసలు బయటికి కనబడాలి. గోళ్లు నీలంగా మారుతున్నాయేమో చూసుకోవడానికే అది. ముడి రీఫ్ ముడే, ఎందుకంటే అది చదునుగా పడుకుంటుంది. దాన్ని మెడ వెనక ఎముక మీద కాకుండా దెబ్బ తగిలిన పక్క కాలర్‌బోన్ పైన గుంటలో పెట్టాలి. కాలిన గాయానికి ఏం చేస్తావని అడిగితే ఇంటి అలవాటు కొద్దీ పిల్లలు పసుపు, టూత్‌పేస్టు, సిరా అని చెప్పేస్తారు. చల్లటి నీళ్ల ధార కింద పది నుంచి ఇరవై నిమిషాలు పెట్టడమే జవాబు.

స్కార్ఫు గురించి మంచి మాట. కొలత సరిగ్గా ఉంది, రెండు పక్కలూ 70 నుంచి 80 సెంటీమీటర్ల మధ్య ఉండాలన్న నియమానికి సరిపోతుంది, నూలుది, రంగు పోలేదు. కొనేముందు మీ బడి ట్రూప్, అంటే స్కౌట్ దళం, రంగేదో అడగండి, ట్రూప్‌కో రంగు ఉంటుంది కదా. బెల్టూ వాగులూ కూడా ఫర్వాలేదు. ఈల మాత్రం మార్చండి. సన్నటి ప్లాస్టిక్ ఈలలో గింజ ఉమ్మికి అంటుకుపోయి పొడుగు ఊదు మధ్యలో తెగుతుంది. పొడుగూ పొట్టీ తేడాయే భాష అయిన చోట ఇది చిన్న లోపం కాదు. ఒక పొడుగు ఊదు అంటే నిశ్శబ్దం, పొట్టివి వరసగా అంటే దగ్గరికి రండి, పొడుగువి నెమ్మదిగా అంటే దూరంగా చెదరండి, పొట్టీ పొడుగూ మార్చి మార్చి అంటే ప్రమాదం. మూడు పొట్టివి, ఒక పొడుగు అంటే పెట్రోల్ లీడర్లు, అంటే దళంలోని చిన్న జట్ల నాయకులు, రావాలి. గింజ లేని ఈల కొంటే ఈ బెడద ఉండదు.

వంట బ్యాడ్జీకని కిట్‌లో వేసిన అల్యూమినియం గిన్నె పల్చన. ఇంట్లోని మందపాటి సత్తు గిన్నె తీసుకెళ్లమనండి, పొయ్యి మీద పెట్టే ముందు బయట తడి బూడిదో మట్టో పూస్తే మసి సులువుగా వదులుతుంది. పొయ్యి రెండు అగ్గిపుల్లల లోపే అంటుకోవాలి. ఓడిపోయేది అగ్గిపుల్ల దగ్గర కాదు, పుల్లలు ఏరే దగ్గర. అందరూ లావు కట్టెలు తెచ్చి మధ్యలో కాగితం కుక్కుతారు. గుప్పెడు కొబ్బరి పీచు లేదా ఎండు తాటాకు, దాని మీద పెన్సిలంత పుల్లలు రెండు గుప్పెళ్లు, ఆపైన బొటనవేలంత కట్టెలు. ఈ మూడు కుప్పలూ పక్కన సిద్ధంగా పెట్టుకున్నాకే అగ్గిపెట్టె తీయాలి. పుల్లని విరిస్తే టప్పుమని విరగాలి, వంగితే అది పచ్చిదే. గాలి వచ్చే వైపు వీపు పెట్టి కూర్చుని, ఆ వైపు నుంచే అడుగున అంటించాలి.

కిట్‌లో ఇంకో కవరుంది, దాని గురించి చెప్పకుండా వదిలేయలేం. ద్వితీయ, తృతీయ సోపాన్ గుర్తులు, డజను ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీల బట్ట ముక్కలు, 'కుట్టుకోవడమే ఆలస్యం' అన్నట్టు. పరీక్ష పాసై, రికార్డులో ఎక్కి, పత్రం చేతికొచ్చాకే ఆ ముక్కకి విలువ. ముందే చొక్కాకి కుట్టించి పంపిన పిల్లలు క్యాంపులో అందరి ముందూ దారం విప్పుకోవాల్సి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్‌కి అర శాతం సీట్లున్నాయని, రైల్వేలో ప్రత్యేక కోటా నియామకాలుంటాయని తెలిసినప్పట్నుంచి ఈ కవర్లకి గిరాకీ పెరిగింది. అక్కడ అడిగేది పత్రాన్ని, దాని వెనకున్న రికార్డుని. చొక్కా చేతిని ఎవరూ చూడరు. కొట్టువాడు ఒప్పుకుంటే ఆ కవరు వెనక్కిచ్చి ధర తగ్గించమనండి.

లాగ్ బుక్కు అట్ట బాగుంది, లోపల పేజీలే తక్కువ. పైగా సంతకానికి గడి లేదు. రెండు వందల పేజీల గీతల నోట్‌బుక్ కొని తేదీ, చేసిన పని, ఎంతసేపు, ఎక్కడ తప్పింది, స్కౌట్ మాస్టర్ లేదా గైడ్ కెప్టెన్ సంతకం అని ఐదు గడులు గీసిస్తే సరిపోతుంది. 'ఎక్కడ తప్పింది' అన్న గడి నిండుగా ఉన్న పుస్తకాన్ని పరీక్షించేవారు నమ్ముతారు. సేవా కార్యక్రమాలన్నీ ఒకే రోజు ఒకే సిరాతో రాసిన పుస్తకాన్ని దూరం నుంచే గుర్తుపడతారు.

కొనేవాళ్లు విడివిడిగా కాకుండా పెట్రోల్ లెక్కన కొంటే డబ్బు కలిసొస్తుంది. ఎనిమిది మంది పెట్రోల్‌కి ఎనిమిది సాధన తాళ్లు, పన్నెండు లాషింగ్ తాళ్లు, ఎనిమిది వెదురు కర్రలు, ఇద్దరికొకటి చొప్పున నాలుగు దిక్సూచీలు, ఎనిమిది మీటర్ల కోరా గుడ్డ. దిక్సూచీ ఒక్కటే ఖరీదు. మిగతావాటి మొత్తం ఎనిమిది కిట్ల ధరలో సగం కూడా కాదు. కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే సంచిలో తాడు తీసి బాల్కనీలో కట్టుకోండి, బట్టలు బాగా ఆరతాయి.